నాబోతు తోట, మన సంతకం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



క్రైస్తవ బోధలో ధనం, దురాశ, నీతి జీవితం అనే అంశం మీద నన్ను మాట్లాడమన్నారు. ఈ సభలో ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. ఊరి నిశానిని, జాకర దేవతను కొలిచేవాళ్ళూ ఉన్నారు. ఒకే ఇంట్లో అన్న ప్రార్థనకు వెళితే తమ్ముడు పండుగకు డప్పు కొట్టే కుటుంబాలు మనకు కొత్త కాదు. కాబట్టి ఎవరినీ ఒక దారి నుంచి ఇంకో దారికి లాగడానికి నేను మాట్లాడటం లేదు. నేను చదువుకున్న బైబిల్లో భూమి గురించి, అప్పు గురించి, సంతకం గురించి కొన్ని పాత సంగతులు ఉన్నాయి. అవి మన ఏజెన్సీలో నిన్న జరిగినట్టే ఉంటాయి. వాటిని మీ ముందు పెడతాను. ఏ దేవుణ్ణి మొక్కేవారైనా పనికొస్తే తీసుకోండి.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. డబ్బు ఉండటమే పాపమని బైబిలు చెప్పదు. అబ్రాహాముకు మందలు ఉన్నాయి. బోయజుకు పొలాలు ఉన్నాయి. యేసు దేహాన్ని సమాధి చేయడానికి తన సొంత సమాధిని ఇచ్చిన అరిమతయియ యోసేపు ధనవంతుడే. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో కీడులకు వేరు అని దేన్ని చెప్పాడో జాగ్రత్తగా చదవండి. డబ్బును అనలేదు, డబ్బు మీద ఆశను అన్నాడు. ఆ తేడా పెద్దది. జేబులో రూపాయి లేనివాడికి కూడా ఆ ఆశ ఉండొచ్చు. అందుకే ఈ మాట షావుకార్లకు మాత్రమే చెప్పింది కాదు, మనకూ చెప్పింది.

మీరు చదువుకోవాలి, ఉద్యోగం తెచ్చుకోవాలి, కాఫీ తోట బాగు చేసుకోవాలి, అమ్మకు రేకుల ఇంటి బదులు స్లాబు ఇల్లు కట్టించాలి. ఇందులో తప్పేమీ లేదు. ఆ సొమ్ము ఏ దారిన వచ్చింది, వచ్చాక మనల్ని ఏం చేసింది అన్నవే బైబిలు అడిగే ప్రశ్నలు.

ఇప్పుడు నాబోతు కథ. మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయంలో ఉంది. యెజ్రెయేలు అనే ఊళ్ళో నాబోతుకు ఒక ద్రాక్షతోట ఉండేది. దాని పక్కనే అహాబు రాజు నగరు. రాజుకు ఆ తోట మీద కన్ను పడింది. కూరతోట వేసుకోవడానికి దగ్గరగా ఉంటుందని అడిగాడు. గమనించండి, రాజు మొదట దౌర్జన్యం చేయలేదు. దీనికన్నా మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే ధర ఇస్తానన్నాడు. ఈ రోజుల్లో దాన్ని మంచి ఆఫర్ అంటారు.

నాబోతు ఇవ్వనన్నాడు. అది తన తాతముత్తాతల స్వాస్థ్యం, దాన్ని వదులుకోవడం దేవుని ఎదుట తగదన్నాడు. ధర తక్కువని అనలేదు. ఇంకొంచెం పెంచితే చూద్దామనీ అనలేదు. అతని లెక్కలో ఆ భూమి అమ్మే సరుకే కాదు. జల్, జంగల్, జమీన్ అని మన కొమరం భీమ్ పేరుతో మనం చెప్పుకునే మాట నాబోతుకు చెప్పి ఉంటే, అది తన మాటే అనుకునేవాడు.

రాజు ఇంటికి పోయి, మంచం మీద అటు తిరిగి పడుకుని అన్నం మానేశాడు. దేశమంతా ఉన్నవాడికి ఒక పెరటి మీద బెంగ! దురాశ మనిషిని ఎంత చిన్నపిల్లాణ్ణి చేస్తుందో చూడండి. అప్పుడు రాణి యెజెబెలు రంగంలోకి దిగింది. రాజు పేరుతో ఉత్తరాలు రాసి, రాజముద్ర వేసి, నాబోతు ఊళ్ళోని పెద్దలకు పంపింది. ఊళ్ళో ఉపవాసం చాటించండి, నాబోతును అందరి ముందు కూర్చోబెట్టండి, ఇద్దరు మనుషుల్ని తెచ్చి అతను దేవుణ్ణీ రాజునూ దూషించాడని సాక్ష్యం చెప్పించండి, తర్వాత ఊరి బయటికి తీసుకుపోయి రాళ్ళతో కొట్టి చంపండి అన్నది ఆ ఉత్తరం సారాంశం. పెద్దలు అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశారు. నాబోతు చనిపోయాడు. రాజు తోట స్వాధీనం చేసుకోవడానికి బయలుదేరాడు. ఆ తోటలోనే ఏలీయా ప్రవక్త ఎదురుపడి, మనిషిని చంపి అతని సొత్తు కూడా తీసుకున్నావా అని నిలదీశాడు.

ఈ కథ మీద ప్రసంగాలు చాలా విని ఉంటారు. సాధారణంగా అహాబు చెడ్డవాడు, యెజెబెలు ఇంకా చెడ్డది అని ముగిస్తారు. అది నిజమే. కానీ మనలో ఎవరం రాజులం కాము. మనకు ఆ కథలో ఉన్న వేషాలు వేరు. రాణి యెజ్రెయేలుకు రాలేదు, రాయి పట్టలేదు. ఆ పని చేసింది నాబోతు ఊరివాళ్ళే. ఉత్తరం అందుకుని తల ఊపిన పెద్దలు నాబోతుతో కలిసి పండుగ చేసుకున్నవాళ్ళే. ఆ ఇద్దరు సాక్షుల పేర్లు కూడా బైబిలు రాయలేదు. వాళ్ళకు ఏం ముట్టిందో రాయలేదు. పనికిమాలినవాళ్ళు అని మాత్రం రాసింది. భూమి రాజుకు పోయింది, చెడ్డపేరు వీళ్ళకు మిగిలింది.

తమ్ముళ్ళారా, ఇక్కడే మన సంగతి వస్తుంది. అరకులో, లంబసింగిలో, మారేడుమిల్లి దారిలో ఎన్ని టెంట్లు, ఎన్ని రిసార్టులు లేచాయో మీరు నాకన్నా బాగా చూస్తున్నారు. మన వాళ్ళు సొంతంగా నడుపుకునేవి ఉన్నాయి, వాళ్ళకు నా అభినందనలు. కానీ కాగితం మీద మన వాడి పేరు, గల్లాపెట్టె దగ్గర వేరే మనిషి ఉన్నవి కూడా ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదలాయించకూడదని 1959 నాటి మొదటి రెగ్యులేషన్ చెబుతోంది. 1970లో దాన్ని సవరించి ఇంకా గట్టి చేశారు. అదే మనం 1/70 అని పిలుచుకునే చట్టం. అమ్మకమే కాదు, లీజు, తాకట్టు, దానం, మార్పిడి కూడా బదలాయింపు కిందికే వస్తాయి. ఈ చట్టాన్ని దాటడానికి పైనుంచి వచ్చినవాడికి ఒకే ఒక దారి కావాలి. అది మన పేరు. మన ఆధార్ కార్డు, మన కుల ధ్రువీకరణ పత్రం, మన సంతకం.

ఒకసారి నా దగ్గర చదివి వెళ్ళిన అబ్బాయి ఫోన్ చేశాడు. డిగ్రీ అయిపోయింది, పని లేదు. "మేడమ్, పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. పక్క ఊళ్ళో మూడెకరాలు నా పేరు మీద కొంటాడట. నాకు బండి కొనిస్తాడట, నెలకు జీతం ఇస్తాడట. సంతకం పెట్టమంటారా?" అని అడిగాడు. పెట్టొద్దన్నాను. వాడు వెంటనే, "నేను పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు కదా మేడమ్" అన్నాడు.

నిజం చెప్పాలంటే, ఈ మాటకు జవాబు చెప్పడం సులువు కాదు. వాడు సంతకం పెట్టలేదు. కొన్ని నెలలకు వేరే ఊరి అబ్బాయి ఎవరో పెట్టాడని తెలిసింది. అంటే వాడన్నట్టే జరిగింది. మరి వాడు వద్దనడం వల్ల ఏం ఒరిగింది? నాబోతు వద్దనడం వల్ల మాత్రం ఏం ఒరిగింది? తోటా పోయింది, ప్రాణమూ పోయింది. నీతిగా బతికితే వెంటనే గెలుస్తామని బైబిలు ఎక్కడా మాట ఇవ్వలేదు. ఆ ఇద్దరు సాక్షులు కూడా మనసులో ఇదే అనుకుని ఉంటారు, మనం కాకపోతే ఇంకెవరో చెబుతారని. కానీ ఏలీయా తోటలో నిలబడి లెక్క అడిగిన రోజున, ఇంకొకడు చేసేవాడే అన్నది ఎవరికీ జవాబు కాదు. ఎవరు చేశారన్నదే లెక్కలోకి వస్తుంది. ఇంకొక మాట. ఒక ఊళ్ళో ఒక్కడు వద్దంటే కొనేవాడు పక్క ఊరికి పోతాడు. పది ఊళ్ళలో పదిమందీ వద్దంటే ఎక్కడికి పోతాడు? యెజ్రెయేలు పెద్దల్లో ఒక్కరైనా లేచి ఈ ఉత్తరం తప్పు అని ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు. ఎవరూ లేవలేదన్నది మాత్రం తెలుసు.

భూమిని గురించి బైబిల్లో ఒక చట్టం కూడా ఉంది. లేవీయకాండం 25వ అధ్యాయం తీసి చూడండి. భూమి దేవునిది, మీరు అందులో అతిథుల్లాంటి వాళ్ళు, కాబట్టి దాన్ని శాశ్వతంగా అమ్మడానికి వీల్లేదు అన్నది దాని సారం. కష్టం వచ్చి ఎవడైనా పొలం వదులుకుంటే దగ్గరి బంధువు విడిపించాలి. అదీ కుదరకపోతే 50వ ఏట సునాద సంవత్సరంలో ఆ పొలం మొదటి కుటుంబానికి తిరిగి రావాలి. నాబోతు ధైర్యం ఊరికే వచ్చింది కాదు, ఈ చట్టం నుంచి వచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద మన వాళ్ళకు ఇచ్చిన పట్టాలు చూడండి. ఆ భూమి వారసులకు వస్తుంది, కానీ అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. మా భూమిని మేం అమ్ముకునే స్వేచ్ఛ కూడా లేదా అని మన కుర్రాళ్ళే కొందరు అడుగుతారు. తాత ఆపదలో ఉన్న ఒక్క రోజు, పుట్టబోయే మనవడి బతుకును అమ్మేయకుండా వేసిన కంచె అది. ఇది పాతకాలం నుంచీ ఉన్న జ్ఞానమే.

సరే, బయటివాళ్ళ సంగతి చెప్పుకున్నాం. ఇక మన లోపలి సంగతి. దీనికి నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం చదవాలి. కరువు వచ్చింది. పేదలు తిండిగింజల కోసం పొలాలు, తోటలు, ఇళ్ళు తాకట్టు పెట్టారు. పన్ను కట్టడానికి అప్పు చేశారు. చివరికి పిల్లల్ని దాసత్వానికి పంపే స్థితికి వచ్చారు. వాళ్ళకు అప్పిచ్చింది పరాయి దేశంవాళ్ళు కారు, సాటి యూదులే. నెహెమ్యాకు కోపం వచ్చింది. పెద్ద సభ పెట్టి, వాళ్ళ ముఖం మీదే అడిగాడు. పొలాలు తిరిగి ఇచ్చేయమన్నాడు, తీసుకుంటున్న వడ్డీ మానేయమన్నాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఇంకో సంగతి, నెహెమ్యా 12 ఏళ్ళు అక్కడ అధికారిగా ఉన్నాడు. అధికారికి రావలసిన భోజన భత్యం కూడా జనం మీద భారమని తీసుకోలేదు.

మన ఊళ్ళలో ఇప్పుడు ఉద్యోగస్తులు పెరిగారు. టీచర్లు, నర్సులు, కానిస్టేబుళ్ళు, సచివాలయం ఉద్యోగులు. ఇది మన తాతలు కలలో కూడా అనుకోని మంచి. కానీ జీతం డబ్బు చేతికి రాగానే సొంత మేనమామకు, సొంత పిన్నికి నూటికి ఐదు రూపాయల వడ్డీకి తిప్పేవాళ్ళు మనలో లేరా? లెక్క వేయండి. పదివేలు ఇస్తే నెలకు 500, ఏడాదికి 6,000. రెండేళ్ళు తిరక్కుండానే వడ్డీ అసలును దాటిపోతుంది. పూర్వం సంతలో షావుకారు ఇదే చేస్తే తిట్టుకున్నాం. ఆ షావుకార్ల బారి నుంచి కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. ఇప్పుడు అదే త్రాసు మన చేతికి వచ్చింది. నిర్గమకాండం 22వ అధ్యాయంలో పేదవాడికి అప్పిస్తే వడ్డీ వ్యాపారిలా ప్రవర్తించవద్దని, అతని పైబట్ట తాకట్టు పెట్టుకుంటే పొద్దు కుంకేలోపు తిరిగి ఇవ్వాలని ఉంది. ఎందుకంటే రాత్రి కప్పుకోవడానికి అతనికి ఉన్నది అదొక్కటే. చలికాలం పాడేరులో పడుకున్నవాళ్ళకు ఆ చట్టం విలువ ఎవరూ వివరించనక్కర్లేదు.

కొందరు అడగొచ్చు, మేడమ్, ఇప్పటికే తప్పుడు దారిన సంపాదించినవాడి సంగతేమిటి అని. దానికి జక్కయ్య ఉన్నాడు. యెరికోలో సుంకం వసూలు చేసేవాళ్ళకు పెద్ద. పొట్టివాడు కాబట్టి యేసును చూడటానికి మేడిచెట్టు ఎక్కాడు. యేసు అతని ఇంటికి వెళ్ళాడు. జక్కయ్య కన్నీళ్ళు పెట్టుకున్నాడని లూకా రాయలేదు. లెక్క చెప్పాడని రాశాడు. ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా ఎవరి దగ్గర తీసుకుంటే వారికి నాలుగంతలు. మనసు మారిందని చెప్పడానికి అతను తెచ్చిన రుజువు అది. మనలో కొందరు సాక్ష్యం చెప్పేటప్పుడు దేవుడు నాకు ఇది ఇచ్చాడు, అది ఇచ్చాడు అని చెబుతారు. ఎవరికి ఏం తిరిగి ఇచ్చారో కూడా ఒకసారి చెబితే, ఊరు ఇంకా శ్రద్ధగా వింటుంది.

ఇక్కడ క్రైస్తవ పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఇంత కానుక వేస్తే దేవుడు దానికి ఎన్నో రెట్లు ఇస్తాడు అని ఫోన్లో ప్రసంగాలు వింటున్నారు. దేవుడు లాటరీ నడపడు. బీద విధవరాలు రెండు కాసులు వేసిన కథను దానికి ఆధారంగా చూపిస్తారు. ఆ కథకు ముందు వాక్యాలు కూడా చదవండి. విధవల ఇళ్ళు మింగేస్తూ పైకి దీర్ఘ ప్రార్థనలు చేసేవాళ్ళను యేసు అక్కడ గద్దించాడు. ఆమెకు ఎన్ని రెట్లు తిరిగి వచ్చిందో మార్కు ఎక్కడా రాయలేదు. ఇవ్వండి, మనస్ఫూర్తిగా ఇవ్వండి. కానీ అమ్మ చీపుర్లు కట్టి అమ్మిన డబ్బును ఆశకు పెట్టుబడిగా పెట్టకండి.

త్వరగా వచ్చే డబ్బు గురించి కూడా చెప్పాలి. ఒక్కసారి సంచి దాటిస్తే చాలు, ఒక్క రాత్రి బండి నడిపితే చాలు అని మన పిల్లల్ని పిలిచేవాళ్ళు ఉన్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ కాకుండా, ఇరవై ఏళ్ళ వరకు జైలు. జరిమానా లక్షకు తగ్గదు. సరుకు యజమాని ఎవరో జైల్లో పడ్డ మనవాడికి చాలాసార్లు తెలియను కూడా తెలియదు. అతనూ పేరులేని సాక్షి లాంటివాడే. సొమ్ము ఇంకొకరిది, శిక్ష ఇతనిది.

యేసు చెప్పిన ఒక ఉపమానంలో ఒక రైతు ఉన్నాడు. అతను దొంగ కాదు, మోసగాడు కాదు. భూమి బాగా పండింది. పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టి, తిని తాగి సుఖంగా ఉందామనుకున్నాడు. ఆ రాత్రే ప్రాణం పోయింది. అతన్ని దేవుడు వెర్రివాడు అన్నాడు. ఎందుకు? ఆ కథలో అతను తనతో తప్ప ఎవరితోనూ మాట్లాడడు. పంట చూసి ఇరుగుపొరుగును తలుచుకోలేదు, కూలివాణ్ణి తలుచుకోలేదు, పండించిన భూమినీ తలుచుకోలేదు. మన కొత్త పండుగ గుర్తు తెచ్చుకోండి. కొత్త పంటను ఎవడూ ఒంటరిగా ముందు నోట్లో పెట్టుకోడు. ముందు దేవతకు, తర్వాత అందరూ కలిసి. ద్వితీయోపదేశకాండంలో కూడా మొదటి పంటను గంపలో దేవుని ముందు పెట్టి, తర్వాత లేవీయులతో, పరదేశులతో కలిసి సంతోషించమని ఉంది. చేలో మరిచిపోయిన పనను వెనక్కి పోయి తెచ్చుకోవద్దు, అది పరదేశికి, తల్లిదండ్రులు లేనివారికి, విధవరాలికి అని ఉంది. చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాం కాబట్టి ఇక మన పంట మనకే అనుకుంటే, మనం పాతదీ పోగొట్టుకున్నాం, కొత్తదీ నేర్చుకోలేదు.

హాస్టల్లో నేను ఏటా చూసేది ఒకటి చెబుతాను. మూడో తరగతి పిల్లకు ఇంటి నుంచి బొరుగులు వస్తే గదంతా తింటుంది. పదో తరగతికి వచ్చేసరికి ట్రంకు పెట్టెకు తాళం పడుతుంది. తాళం తప్పని నేను అనను, వస్తువులు జాగ్రత్త చేసుకోవాలి. పెట్టెకు వేసిన తాళం మనసుకు కూడా పడకుండా చూసుకోవడమే చదువు.

చివరగా, ఈ రోజు ఇంటికి తీసుకెళ్ళడానికి నాలుగు మాటలు. ఒకటి, మీ పేరు మీద ఇంకొకరి భూమి, ఇంకొకరి వ్యాపారం పెట్టనివ్వకండి. చదవని కాగితం మీద సంతకం పెట్టకండి, అమ్మానాన్నలను వేలిముద్ర వేయనివ్వకండి. అనుమానం వస్తే గ్రామసభలో అడగండి. రెండు, సొంతవాళ్ళకు అప్పిస్తే వారి నడుం విరిచే వడ్డీ తీసుకోకండి. మహిళా సంఘం వడ్డీతో పోల్చి చూసుకోండి. మూడు, మొదటి జీతంలో కొంత మీ ఊరి పిల్లల పుస్తకాలకు పెట్టండి. నాలుగు, ఊళ్ళో తప్పుడు ఉత్తరం వచ్చిన రోజున లేచి నిలబడే ఒక్కడు మీరే అవ్వండి. మీ వెనక ఇంకొకడు లేస్తాడు.

సామెతల గ్రంథంలో ఒక ప్రార్థన ఉంది. నాకు పేదరికం వద్దు, ఐశ్వర్యం వద్దు, నాకు తగిన ఆహారం చాలు అని అడుగుతుంది. పేదరికం ఎక్కువైతే దొంగిలిస్తానేమో, డబ్బు ఎక్కువైతే దేవుణ్ణే మరిచిపోతానేమో అన్న భయం అందులో ఉంది. నా పిల్లలందరికీ నేను కోరుకునేది అదే. కడుపు నిండా అన్నం, తల మీద కప్పు, తాతల భూమి కాళ్ళ కింద, మీ పేరు మీ చేతిలో.